గడియారం గంట వెనక్కి తిరిగాక

ప్రశ్న

ఈసారి ఉత్తరం జర్మనీ నుంచి వచ్చింది. కాగితం మీద రాసి, ఏడు పేజీలూ ఫొటోలు తీసి పంపారు. రాసినామె వయసు 31. సొంతూరు కావలి. పేరు వేయొద్దన్నారు. ఉత్తరాన్ని ఇక్కడ కుదించి చెబుతున్నాను, ముఖ్యమైన చోట్ల ఆమె మాటలే ఉంచాను.

బీఎస్సీ, బీఈడీ చదివి కావలిలో ఒక ప్రైవేటు హైస్కూల్లో ఆరేళ్ళు లెక్కలు చెప్పారు. మూడేళ్ళ క్రితం పెళ్ళయింది. భర్త లైప్‌జిగ్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. వీసా పనులన్నీ తేలి ఈమె అక్కడికి చేరింది నిరుడు మార్చిలో. మొదటి చలికాలం సరదాగానే గడిచింది. కొత్త కోటు, కొత్త బూట్లు, మంచు పడితే ఫొటోలు తీసి కావలికి పంపడం. ఈ ఏడాది అలా లేదు.

"అక్టోబరు సగం నుంచే నాలో ఏదో ఆగిపోయింది. రాత్రి తొమ్మిదింటికి పడుకున్నా పొద్దున ఎనిమిదిన్నరకు లేవలేకపోతున్నాను. లేచినా ఒళ్ళంతా తడిబట్ట మోస్తున్నట్టు ఉంటుంది. అన్నం వండబుద్ధి కాదు. బ్రెడ్డు, బిస్కెట్లు, చాక్లెట్లు మాత్రం తింటూనే ఉంటాను. జర్మన్ క్లాసు ఏ2, అంటే రెండో మెట్టు, సగంలో మానేశాను. ఆయన పొద్దున ఏడున్నరకు వెళ్ళి సాయంత్రం ఆరింటికి వస్తారు. వచ్చేసరికి లైట్లు కూడా వేయకుండా కూర్చుని ఉంటాను."

"అక్టోబరు చివరి ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. అంతకుముందు ఇక్కడ సాయంత్రం ఐదున్నరకు అమ్మకి ఫోన్ చేస్తే అక్కడ తొమ్మిది. అన్నం తిని, సీరియల్ చూసి, మంచం మీద కూర్చుని తీరిగ్గా మాట్లాడేది. ఇప్పుడు అదే టైముకి అక్కడ పది. నాలుగు మాటలకే ఆవులింతలు. 'ఏంది మ్మా, గొంతు అట్టుంది?' అంటుంది. చలికి జలుబు చేసిందని చెప్తాను."

అమ్మగారు కావలిలో ఒంటరిగా ఉంటున్నారు. నాన్నగారు పోయి నాలుగేళ్ళయింది. అన్న బెంగళూరులో. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. వానలు మొదలైతే వెనక గదిలో స్లాబు కారుతుంది.

"ఆయన చెడ్డవారు కాదు. కానీ 'ఇక్కడ ఇంతమంది మనవాళ్ళు ఉంటున్నారు, నీ ఒక్కదానికేనా చలి?' అన్నారు. ఆ మాట మర్చిపోలేకపోతున్నాను. అత్తమ్మ ఫోన్ చేసినప్పుడల్లా 'ఏమన్నా విశేషమా' అని అడుగుతుంది. డిసెంబరు రెండో వారంలో కావలికి వెళ్ళిపోయి ఏప్రిల్లో తిరిగి రావాలని ఉంది. 'ఇంక ప్రతి ఏడాదీ ఇంతేనా?' అని ఆయన. 'మొగుణ్ణి వదిలి నాలుగు నెలలు పుట్టింట్లో ఉంటే ఊళ్ళో ఏమనుకుంటారు' అని పిన్ని. మొన్న పెరుగు తోడుకోలేదు. వరసగా మూడోరోజు. ఆ పాలగిన్నె పట్టుకుని వంటింట్లో కింద కూర్చుని గంటసేపు ఏడ్చాను. పెరుగు కోసం ఏడ్చే మనిషిని కాదు నేను. నాది బద్ధకమా, జబ్బా, లేక ఈ దేశమే నాకు సరిపడదా? వెళ్ళాలా, ఉండాలా?"

సమాధానం

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఐదో పేజీలో ఒక వాక్యం రాసి కొట్టేశారు. గీత కింద నుంచి అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి. "ఒక్కోసారి పడుకున్నదాన్ని అట్టే లేవకుండా ఉంటే బాగుండనిపిస్తుంది" అని.

ముందు దాని సంగతి చూద్దాం. అలసిపోయి రాసిన మాటే కావచ్చు. అయినా దాన్ని మీలోనే ఉంచుకోవద్దు. ఈ రోజే మీ ఆయనకు ఆ పేజీ చూపించండి. డాక్టరు దగ్గర కూడా ఆ మాట చెప్పండి. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన ఎప్పుడు వచ్చినా, ఏ వేళ అయినా, అక్కడి అత్యవసర నంబరు 112కి ఫోన్ చేయండి. మనసు విప్పి మాట్లాడుకోవడానికి 0800 1110111 అని ఇరవై నాలుగు గంటలూ పనిచేసే ఉచిత లైను అక్కడ ఉంది. అక్కడ మాట్లాడేది ఎక్కువగా జర్మన్‌లో కాబట్టి మీ ఆయన పక్కన ఉంటే మేలు.

ఇక మీరు అడిగిన ప్రశ్న. బద్ధకమైతే కాదు. ఆరేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషికి 31 ఏళ్ళ వయసులో, సరిగ్గా అక్టోబరు నెలలో, ఉన్నట్టుండి బద్ధకం పుట్టుకు రాదు. మీరు రాసిన లక్షణాలు చూడండి. ఎంత పడుకున్నా తీరని నిద్ర, ఒళ్ళు బరువు, తీపి మీదా పిండి పదార్థాల మీదా యావ, మనుషుల్లోకి వెళ్ళాలనిపించకపోవడం. పగటి వెలుతురు తగ్గే నెలల్లో వచ్చి, వసంతంలో దానంతట అది సర్దుకునే ఒక రకం డిప్రెషన్‌కి ఈ లక్షణాలన్నీ ఉంటాయి. దానికి 1984లో సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్ అని పేరు పెట్టి వివరించినవాళ్ళలో ముఖ్యుడు నార్మన్ రోజెంతాల్ అనే మానసిక వైద్యుడు. ఆయన దక్షిణాఫ్రికా నుంచి అమెరికా వెళ్ళిన మనిషి. ఎండ దేశం నుంచి వచ్చి, న్యూయార్క్ చలికాలంలో తన ఒంట్లో ఓపిక ఎటు పోతోందో అర్థంకాక, దాని వెంట పడి కనుక్కున్నాడు. అంటే ఈ జబ్బును గుర్తుపట్టిన డాక్టరు కూడా మీలాగే వలస వచ్చినవాడు. మీ ఆయన మళ్ళీ "నీ ఒక్కదానికేనా" అంటే ఈ సంగతి చెప్పండి.

మీకు ఉన్నది అదేనని ఇక్కడ కూర్చుని నేను తేల్చలేను. అది డాక్టరు పని. అందుకే మీరు ఏ దారి ఎంచుకున్నా మొదటి అడుగు ఒక్కటే. ఈ వారంలో ఫ్యామిలీ డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకోండి. థైరాయిడ్, రక్తహీనత, బీ12, విటమిన్ డి గురించి అడగండి. ఈ నాలుగింటిలో ఏది తేడా చేసినా మనిషి ఇలాగే కుంగిపోతుంది. మన చర్మానికి డి విటమిన్ తయారు కావాలంటే ఎండ ఎక్కువే కావాలి, జర్మనీ అంత ఉత్తరాన చలికాలపు ఎండలో ఆ శక్తి ఉండదు. గర్భం వచ్చే అవకాశం ఏమన్నా ఉంటే ఆ పరీక్షా చేయించుకోండి, ఎందుకంటే మొదటి నెలల నిద్రమత్తు కూడా ఇట్లాగే ఉంటుంది. మీ ఆయన ప్రభుత్వ పద్ధతి హెల్త్ ఇన్సూరెన్సులో ఉంటే, సంపాదన లేని భార్యగా మీరు అదనపు ప్రీమియం లేకుండానే అందులో ఉంటారు. కొన్ని రక్త పరీక్షలకు మాత్రం చేతి డబ్బు అడగొచ్చు. మనసుకు సంబంధించిన వైద్యుల దగ్గర అక్కడ నెలల తరబడి వెయిటింగ్ ఉంటుంది. 116117 నంబరుకు చేస్తే మొదటిసారి మాట్లాడే అపాయింట్‌మెంట్ ఇప్పిస్తారు.

వెలుతురు గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మీ ఉత్తరంలో చలి అన్న మాట పదకొండుసార్లు ఉంది, చీకటి అన్న మాట ఒక్కసారీ లేదు. లైట్లు వేయకుండా కూర్చున్నానని రాశారు, అంతే. నాకు అనిపించేదేమిటంటే మిమ్మల్ని పడగొట్టింది చలి కంటే ఎక్కువగా చీకటి. కావలిలో సంవత్సరం మొత్తంలో అతి చిన్న పగలు కూడా పదకొండు గంటలు దాటుతుంది. లైప్‌జిగ్‌లో డిసెంబరు ఆఖరుకు పగలు ఎనిమిది గంటలే. పొద్దు ఎనిమిది దాటాక పొడిచి నాలుగింటికల్లా గుంకుతుంది. అదే ఊళ్ళో జూన్‌లో పగలు పదహారు గంటల పైనే. మనం పుట్టిన చోట ఒంటికి ఇంత పెద్ద మార్పు అలవాటు లేదు.

ఇంకొకటి కూడా ఉంది. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. మన పంచాంగంలో ఆకు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణ మాసాల్లో. శరదృతువు అంటే మనకు వెన్నెల. పైగా మన నెల్లూరు జిల్లాలో ఆశ్వయుజ కార్తీకాలంటే ఈశాన్య రుతుపవనాలు. మిగతా రాష్ట్రంలో వరి కోతకొస్తుంటే మన పెన్నా ఆయకట్టులో అప్పుడే నారుమళ్ళు, నాట్లు. మీరు ముప్పై ఏళ్ళు అక్టోబరు అంటే కొత్త నీరు, పచ్చటి నారు చూసిన మనిషి. అక్కడ అదే నెలలో చెట్లన్నీ మోడైపోతున్నాయి. మొదటి ఏడాది అది వింత కాబట్టి ఫొటో తీశారు. రెండో ఏడాది అది మీ జీవితమని తెలిసింది, అందుకే భారమైంది. పరాయి దేశంలో మొదటి చలికాలం కంటే రెండోదే కష్టమని చాలామంది చెప్పగా విన్నాను. మా తమ్ముడి ఇంట్లో, కెనడాలో, అక్టోబరు నుంచి జనవరి దాకా ఒకసారి ఉన్నాను. సాయంత్రం నాలుగున్నరకు కిటికీలోంచి చూస్తే చీకటి. నాకు అప్పుడు తెలిసిందల్లా ఒక్కటే, అక్కడ ఉన్నవాళ్ళు వెలుతురును వెతుక్కుని బయటకు వెళ్తారు.

అందుకని మీరు కూడా పదకొండుకూ ఒంటిగంటకూ మధ్య నలభై నిమిషాలు బయట నడవండి. మబ్బు పట్టి ఉన్నా సరే. మబ్బు పట్టిన పగటి వెలుతురు కూడా ఇంట్లో బల్బు వెలుగు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. వెలుతురు చికిత్సకని ప్రత్యేకంగా 10,000 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) దీపాలు దొరుకుతాయి. పొద్దున లేచిన గంటలోపు, దాని ముందు ఇరవై ముప్పై నిమిషాలు కూర్చుని కాఫీ తాగొచ్చు, పేపరు చదువుకోవచ్చు. కంటి జబ్బులున్నవాళ్ళు, ఒకప్పుడు అతి ఉత్సాహం, ఒకప్పుడు అతి దిగులు వచ్చే తత్వం ఉన్నవాళ్ళు డాక్టరును అడక్కుండా వాడకూడదు. కాబట్టి అపాయింట్‌మెంట్ అయ్యాకే కొనండి. ఇక చలికి లోపల నూలు బనియన్లు వేసుకోవద్దు, నడిచినప్పుడు చెమట పీల్చుకుని తర్వాత ఒంటిని చల్లబరుస్తాయి. లోపల పలుచటి ఉన్నిది, దాని మీద స్వెటర్, పైన గాలి చొరబడని కోటు. చెవులు కప్పుకోండి.

ఇప్పుడు చిక్కుముడి దగ్గరకు వద్దాం. మీరు "వెళ్ళాలా, ఉండాలా" అని ఒకే ప్రశ్న వేశారు. నాకు అందులో మూడు కనిపిస్తున్నాయి. మీ ఒళ్ళు, మనసు కుంగడం ఒకటి. అమ్మ ఒంటరితనం, కారే స్లాబు రెండోది. మీ పని పోయిందన్న బాధ మూడోది. మూడింటికీ కలిపి కావలి టికెట్ అనే ఒక్క మందు వేయాలనుకుంటున్నారు. మొదటిదానికి అది కొంత పనిచేస్తుంది. రెండోదానికి మీరు అనుకున్న నెలల్లో పనిచేయదు. మూడోదాని సంగతి మీరు ఆలోచించనే లేదు.

రెండోదే ముందు చూద్దాం, అది సులువుగా తేలుతుంది. స్లాబు రిపేరు వానల్లో జరగదు. మనకు వానలు డిసెంబరు దాకా ఉంటాయి. స్లాబు ఎండి, పగుళ్ళు పూడ్చి, వాటర్ ప్రూఫింగ్ చేయించాలంటే ఫిబ్రవరి, మార్చి కావాలి. కాబట్టి అమ్మ ఇంటి కోసమే వచ్చేట్టయితే డిసెంబరులో వచ్చి లాభం లేదు. ఈ నెల రోజులకు వెనక గదిలో సామాను ముందు గదిలోకి మార్పించడం, మేడ మీద నీళ్ళు పోయే గొట్టాల్లో ఆకులు తీయించడం, ఇవి మీ అన్న ఒక శనాదివారం వచ్చి చేయించగలరు. బెంగళూరు నుంచి కావలి ఒక రాత్రి ప్రయాణం. మీ ఏడు పేజీల్లో అన్న గురించి "బెంగళూరులో ఉంటాడు" అన్న ఒక్క ముక్కే ఉంది. అమ్మ బాధ్యత ఇద్దరిదీ అని ఆయనకు నేరుగా చెప్పారా? చెప్పకపోతే ఇప్పుడు చెప్పండి, నిష్ఠూరం లేకుండా, ఏ తేదీకి ఏం చేయాలో రాసి మరీ.

మీ భయం నాకు తెలియంది కాదు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయినప్పుడు నేను నెల్లూరులోనే ఉన్నాను. హైవే కూడా ఆగిపోయింది. కావలిలో అమ్మ ఉండి, తాము ఎక్కడో దూరాన ఉన్న పిల్లల ప్రాణాలు ఎంత కొట్టుకున్నాయో చూశాను. కానీ అలాంటి రోజున మీరు చెన్నైలో దిగినా అమ్మ దగ్గరకు చేరలేరు. అమ్మకు ఆ గంటలో కావాల్సింది గోడ అవతలి మనిషి. పక్కింటి వాళ్ళ నంబరు, వీధిలో ఒక కుర్రవాడి నంబరు మీ ఫోన్లోనూ మీ అన్న ఫోన్లోనూ ఉన్నాయా?

ఫోన్ టైము సంగతి ఈ రోజే సరిచేసుకోవచ్చు. ఐదున్నరకే చేయాలని ఎవరూ పెట్టలేదు, అది అలవాటైంది, అంతే. ఇప్పుడు తేడా నాలుగున్నర గంటలు. మీకు మధ్యాహ్నం పన్నెండయితే అమ్మకు సాయంత్రం నాలుగున్నర. టీ తాగే వేళ. మీరు నడుస్తూ మాట్లాడొచ్చు, అమ్మ గుమ్మం దగ్గర కూర్చుని మాట్లాడొచ్చు. రోజుకు ఒక్కసారైనా బయటకు వెళ్ళడానికి మీకు అదొక కారణం కూడా అవుతుంది.

మూడోది మీ పని. మీరు దాన్ని ఉత్తరంలో ఒక్క వాక్యంలో చెప్పి దాటేశారు. "టీచరమ్మా" అని పిలిపించుకున్న మనిషి ఇప్పుడు రోజంతా ఎవరికీ ఏమీ కానట్టు ఇంట్లో ఉంటోంది. వెలుతురు దీపం దీన్ని బాగుచేయదు. జర్మనీలో టీచరు డిగ్రీల గుర్తింపు రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. పై స్థాయి జర్మన్ అడుగుతారు, సాధారణంగా రెండు సబ్జెక్టులు అడుగుతారు. దూరం ఉంది, కాదనను. అయితే లెక్కల టీచర్ల కొరత మీరున్న సాక్సనీ రాష్ట్రంలో బాగా ఉంది, ఇతర దారుల్లో వచ్చినవాళ్ళనూ అక్కడ తీసుకుంటున్నారు. ఏ2 సగంలో ఆగింది కదా, జనవరిలో మొదలయ్యే బ్యాచ్‌లో ఏ2 మళ్ళీ మొదటి నుంచి చేరండి. ఊరి వయోజన విద్యా కేంద్రాల్లో, ఫోక్స్‌హోఖ్‌షూలె అంటారు కదా, పొద్దుటి క్లాసులుంటే అవే ఎంచుకోండి. చీకటి నెలల్లో పొద్దున తొమ్మిదింటికల్లా ఒక చోట మీకోసం కుర్చీ ఉండటం చాలా పెద్ద విషయం.

ఈలోగా ఇంకొక ఆలోచన. కావలిలో ఇప్పుడు పదో తరగతి పిల్లలు పబ్లిక్ పరీక్షలకు తయారవుతున్నారు. మీ బంధువుల్లోనో, మీ వీధిలోనో ఇద్దరు పిల్లలకు రోజూ వీడియోలో లెక్కలు చెప్పండి. వాళ్ళకు సాయంత్రం ఆరయితే మీకు మధ్యాహ్నం ఒకటిన్నర. డబ్బు తీసుకునేట్టయితే మీ రెసిడెన్స్ కార్డు మీద స్వయం ఉపాధికి అనుమతి ఉందో లేదో చూసుకుని, అక్కడి పన్ను ఆఫీసుకు తెలియజేశాకే మొదలుపెట్టండి. ఊరికే చెప్పినా ఫరవాలేదు, ఈ మూడు నెలలకు మీకు కావాల్సింది ఒక పిల్లవాడు "టీచర్, ఈ లెక్క రాలేదు" అనడం.

ఇప్పుడు దారులు చూద్దాం.

డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా కావలిలో ఉండటం ఒకటి. చట్టపరంగా ఇబ్బంది ఉండకపోవచ్చు. మామూలు రెసిడెన్స్ పర్మిట్ ఉన్నవాళ్ళు ఆరు నెలలకు మించి బయట ఉంటే అది రద్దయిపోతుంది, మీరు అనుకున్నది నాలుగు నెలలు. పెద్ద చదువుల ఉద్యోగులకు ఇచ్చే బ్లూ కార్డు అనే పర్మిట్ ఉన్న కుటుంబాలకు గడువు ఇంకా ఎక్కువ. కార్డు గడువు ఎప్పుడు ముగుస్తుందో మాత్రం చూసుకోండి. ఒంటికి మంచిదే, వారంలో మీ ముఖం మారుతుంది. కానీ అప్పుడు మీకు ఏమనిపిస్తుందో ఇప్పుడే చెబుతాను. "నా జబ్బంతా ఆ దేశమే" అనిపిస్తుంది. ఏప్రిల్లో తిరిగి వెళ్తారు, అక్కడ పూలు పూస్తుంటాయి, బాగుంటుంది. మళ్ళీ అక్టోబరు వస్తుంది. పరీక్షలు చేయించుకోకుండా, భాష రాకుండా, పని లేకుండా మూడో చలికాలం మొదలవుతుంది. ఇద్దరి మధ్య నాలుగు నెలల దూరం కూడా పేరుకుంటుంది. మీ ఆయన "ప్రతి ఏడాదీ ఇంతేనా" అని అడగడంలో కోపమే కనిపించింది మీకు. నాకు భయం కూడా వినిపించింది. ఆయన కూడా చీకట్లో వెళ్ళి చీకట్లో వచ్చే మనిషే కదా. వచ్చేసరికి ఇంట్లో లైట్లు ఉండవు. ఆయన వైపు కథ నా దగ్గర లేదు, అందుకే గట్టిగా అనలేను. మీరు అడగండి.

కదలకుండా అక్కడే ఉండి చలికాలం దాటడం రెండోది. డాక్టరు, దీపం, నడక, క్లాసు, ఇవన్నీ సక్రమంగా జరిగితే ఇది కుదురుతుంది. జరగకపోతే, "ఉండాలి కాబట్టి ఉన్నాను" అన్న కక్షతో ఉంటే, ఫిబ్రవరికి మీరు ఇంకా పాడవుతారు. ఉండటం ఎంచుకుంటే ఇంట్లో ఒక ఒప్పందం ఉండాలి. వారంలో రెండు రోజులు ఆయన త్వరగా వచ్చో, ఇంటి నుంచి పని చేసో, వెలుతురు ఉండగా మీతో బయటకు రావాలి. ఆయన ఆఫీసులో అది సాధ్యమో కాదో అడిగితేనే తెలుస్తుంది.

మూడోది, రెండింటి మధ్యది. ఇప్పుడే డాక్టరును కలిసి, చెప్పిన వైద్యం మొదలుపెట్టి, డిసెంబరు చివరలో బయల్దేరి సంక్రాంతికి కావలిలో ఉండి, ఫిబ్రవరి మొదటి వారంలో తిరిగి వెళ్ళడం. అప్పటికి లైప్‌జిగ్‌లో సాయంత్రం ఐదు దాకా వెలుతురు వస్తుంది. అతి చీకటి రోజుల్లో చాలా వరకు తప్పుతాయి. వానలు వెనకబడతాయి కాబట్టి స్లాబుకు మేస్త్రీని మాట్లాడి, పని మీ అన్నకు అప్పగించి రావొచ్చు. పండక్కి నాలుగు రోజులైనా మీ ఆయన రాగలిగితే పిన్ని ప్రశ్నకు జవాబు చెప్పే పనే ఉండదు. దీనిలోనూ నష్టముంది. టికెట్ ఖరీదు ఆ రోజుల్లో ఎక్కువ. జనవరి క్లాసు తప్పుతుంది, తర్వాతి బ్యాచ్ కోసం ఆగాలి. తిరుగు ప్రయాణం రోజు చెన్నై ఎయిర్‌పోర్టులో చాలా కష్టంగా ఉంటుంది. అయినా నన్ను అడిగితే నా మనసు దీని వైపే మొగ్గుతోంది. డాక్టరు వద్దంటే మాత్రం ఆయన మాటే వినండి.

పూర్తిగా తిరిగి వచ్చేయడం అనే నాలుగోది కూడా మీ మనసులో ఉంది, రాయలేదు గానీ. అది తప్పేమీ కాదు. దాన్ని మే నెలలో మాట్లాడుకోండి. పగలు పదిహేను గంటలున్నప్పుడు కూడా ఆ ఊళ్ళో ఉండాలని లేకపోతే, అప్పుడు అది మీ ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాల్సిన నిజమైన ప్రశ్న. నవంబరు సాయంత్రం నాలుగున్నరకు తీసుకోవాల్సిన నిర్ణయం కాదు.

అత్తమ్మగారి "విశేషమా" ప్రశ్నకు మీరు జవాబు చెప్పక్కర్లేదు. మీ ఆయన చెప్పాలి, తన తల్లికి తనే. పిల్లల కోసం పరీక్షలు అవసరమైతే ఇద్దరూ కలిసి చేయించుకోండి, మీరు తేరుకున్నాక.

మీ ఆయన అన్న మాట గురించి ఒకటి మిగిలింది. ఇప్పుడు నవంబరు చివరికి వస్తోంది. క్రిస్మస్‌కు ముందు నాలుగు వారాలు మీ వీధిలో ఇళ్ళ కిటికీల్లో చెక్కతో చేసిన వంపు తిరిగిన దీపాల వరసలు పెడతారు, గమనించారా? అది మీరున్న సాక్సనీ ఆచారమే. ఎర్ట్స్‌గెబిర్గె కొండల్లో గని పనివాళ్ళ ఊళ్ళ నుంచి వచ్చింది. చలికాలంలో తెల్లవారకముందే గనిలోకి దిగి, పొద్దు గుంకాక పైకి వచ్చేవాళ్ళకు పగలే కనిపించేది కాదు. వాళ్ళ ఇళ్ళ కిటికీల్లో అందుకే దీపాలు. తరతరాలుగా అక్కడ పుట్టి పెరిగినవాళ్ళకు కూడా ఆ చీకటి బరువే. మన కార్తీకంలో గుడి ధ్వజస్తంభానికి ఆకాశదీపం కట్టినట్టు వాళ్ళు కిటికీలో దీపం పెట్టుకున్నారు. మీరూ ఒకటి కొని పెట్టుకోండి. ఆయన ఆరింటికి వీధి మలుపు తిరిగేసరికి మీ కిటికీ వెలుగుతూ కనిపిస్తుంది.

పెరుగు సంగతి. వంటగది చల్లబడింది, అంతే, మీ చేతిలో లోపం లేదు. పాలు వేలు పెడితే ఓర్చుకునేంత వేడిగా ఉన్నప్పుడు మామూలు కన్నా కొంచెం ఎక్కువ తోడు వేసి, గిన్నెను తువ్వాలులో చుట్టి, ఓవెన్ వేడి చేయకుండా లోపలి లైటు మాత్రం వేసి రాత్రంతా అందులో ఉంచండి. ఇడ్లీ పిండికీ అదే ఉపాయం. హీటరు మీటను మూడు మీద ఉంచితే గది ఇరవై డిగ్రీల దగ్గర నిలుస్తుంది. రోజుకు రెండు మూడుసార్లు కిటికీలు బార్లా తెరిచి ఐదు నిమిషాలు గాలి ఆడనివ్వండి, లేకపోతే మన వంటల ఆవిరికి గోడలకు బూజు పడుతుంది.

రేపు మధ్యాహ్నం పన్నెండింటికి కోటు వేసుకుని బయటకు నడుస్తూ అమ్మకు ఫోన్ చేయండి. "ఏంది మ్మా, గొంతు అట్టుంది?" అని మళ్ళీ అడుగుతుంది. ఈసారి జలుబని చెప్పొద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి, డాక్టరు దగ్గరకు ఏ రోజు వెళ్తున్నారో కూడా చెప్పండి. సంక్రాంతి దాటాక నాకు మళ్ళీ రాయండి, ఎదురుచూస్తుంటాను.